ఒయుగి పెట్టిన ఛార్జింగు

ఒయుగి నోటివెంట ఏ లెక్క వచ్చినా దాన్ని పదితో భాగించి, వచ్చినదాంట్లో సగం కొట్టేయాలని మన్యాటా పేటలో అందరికీ తెలుసు. సరస్సులో ఇరవై కిలోల చేపను పట్టానన్నాడంటే సంతలో కిలో చేప కొన్నాడని అర్థం. నలభైమంది పోలీసుల కళ్ళు కప్పి వచ్చానన్నాడంటే ఇద్దరు పోలీసులు అతన్ని చూసి కూడా పట్టించుకోలేదని అర్థం. కిసుము పట్నంలో ఒయుగిలా కిరాయికి మోటారుసైకిలు నడిపే బోడావాళ్ళు వేలల్లో ఉన్నారు, వాళ్ళలో కోతలు కోసేవాళ్ళకూ కొదవ లేదు. కానీ ఇన్నేళ్ళలో ఒయుగి నోట పెరిగిన లెక్కే గానీ తగ్గిన లెక్క విన్నవాడు ఒక్కడూ లేడు.

అలాంటి మనిషి చేతికి తన ఎనిమిది ప్యాడ్లూ అప్పజెప్పి పంపినందుకు అకెయో ఆ శనివారం పొద్దున అకోత్ వాళ్ళమ్మ టీ కొట్టులో బల్ల చివర కూర్చుని తనను తానే తిట్టుకుంటోంది.

ప్యాడ్లంటే వీడియో గేములు ఆడేటప్పుడు చేత్తో పట్టుకునే కంట్రోలర్లు. బరాసా మంగలి షాపు పక్కనున్న చిన్న గదిలో నాలుగు టీవీలు, నాలుగు గేము మెషీన్లు పెట్టుకుని అకెయో బతుకుతోంది. మెషీన్లన్నీ ఒక కంపెనీవి కావు. ఏ ఏడు ఏది దొరికితే అది కొనుక్కుంటూ వచ్చింది కాబట్టి మూడు రకాలయ్యాయి. దాంతో ప్యాడ్లూ మూడు రకాలే, వాటికి ఛార్జింగు పెట్టే కన్నాలూ మూడు రకాలే. నాలుగింటికి కొత్త ఫోన్ల వైరు పడుతుంది. మూడింటికి పాతకాలం ఫోన్ల సన్న వైరు కావాలి. మిగిలిన ఒక్కటి అకెయో మొట్టమొదట కొన్నది, వీపు మీద ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టి ఉంటుంది. దానికి దాని సొంత వైరు తప్ప ఇంకేదీ పట్టదు, అందుకే ఆ వైరును ఎప్పుడూ దాని నడుముకే చుట్టి ఉంచుతుంది. ఈ వైర్ల గొడవ పడలేక పోయిన నెలలో ఒక డాక్ కొంది. ఏ రకం ప్యాడునైనా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుంది, ఎనిమిదింటికీ ఒకేసారి ఛార్జింగు ఎక్కిస్తుంది, గోడకు పోయే వైరు మాత్రం ఒక్కటే. అది వచ్చాక ఆమె ప్రాణం సుఖపడింది.

నిన్న సాయంత్రం వాన మొదలవుతూనే మన్యాటా ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మంది. కరెంటు పోయింది. అప్పటికే పిల్లలు పొద్దుటినుంచీ ఆడి ప్యాడ్లన్నీ ఖాళీ చేసి పెట్టారు. ఇవాళ పన్నెండు గంటలకు పక్క పేట న్యాలెండా వాళ్ళ జట్టు వస్తోంది. మన్యాటా కుర్రాళ్ళకూ వాళ్ళకూ ఫుట్‌బాల్ గేములో పోటీ. ప్యాడ్లు లేవంటే ఆట న్యాలెండాకే తరలిపోతుంది, ఆట వెంట పిల్లలూ పోతారు, ఒకసారి పోయిన పిల్లలు తిరిగి రారు. మెషీనుకే వైరు తగిలించి ఆడించే వీలు కూడా లేదు. ఒకడు గోలు కొట్టిన సంబరంలో ప్యాడు పట్టుకుని ఎగిరితే వైరుతోపాటు టీవీ కిందికొచ్చింది, ఆ రోజు నుంచి ఆ గదిలో వైరు ఆట బంద్.

ఆ కంగారులో ఎదురుపడ్డవాడు ఒయుగి. రోడ్డుకు అవతల కొండెలే వైపు కరెంటు ఉంది, అక్కడ బంగళాలో ఉండే ఒక పెద్దమనిషి తనకు ప్రాణస్నేహితుడు, రాత్రంతా ఛార్జింగు పెట్టించి తెల్లారేసరికి తెచ్చిస్తానన్నాడు. అకెయో చీకట్లో టార్చి లైటు నోట్లో పెట్టుకుని డాకూ ప్యాడ్లూ సంచిలో సర్ది ఇచ్చేసింది. ఆమె ఫోను కూడా అప్పుడే చచ్చిపోయింది. పొద్దున ఎనిమిదికి కరెంటు వచ్చాక గది తలుపు తీసి చూస్తే, గోడ మేకుకు డాక్ వైరు వేలాడుతోంది.

వైరు లేని డాక్ ఉత్త ప్లాస్టిక్ పీట. ఫోను చేస్తే ఒయుగి ఫోను పలకలేదు. ఆ వైరును చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, అతను రోజూ టీ తాగే చోటికే వచ్చి కూర్చుంది.

పది దాటాక ఒయుగి వచ్చాడు. నడిచి వచ్చాడు. అంత ఎండలోనూ జాకెట్టు మెడదాకా జిప్పు వేసుకునే ఉన్నాడు. భుజాన సంచి లేదు. అకెయో నోరు తెరిచేలోపే అతను బల్లమీద చరిచి, "పిన్నీ, ఒక ప్లేటు మందాజీలు. అందరికీ," అన్నాడు.

అంతే, అకెయో నోరు మూసుకోవలసి వచ్చింది. ఇక్కడి లువో జాతివాళ్ళలో తనను తాను పొగుడుకోవడానికి ఒక పద్ధతుంది, దాన్ని పక్రువోక్ అంటారు. పాడేవాళ్ళ చేత పాట ఆపించి, పదిమందికీ ఏదో ఒకటి సమర్పించుకుని, అప్పుడు తన గొప్ప చెప్పుకోవాలి. పాటా వాయిద్యమూ లేని అకోత్ వాళ్ళమ్మ కొట్టులో ఆ పద్ధతి మందాజీల మీద నడుస్తుంది. ఆ వేయించిన రొట్టె ముక్కల ప్లేటు బల్లమీద పెట్టినవాడిని ప్లేటు ఖాళీ అయ్యేదాకా ఎవరూ ఆపకూడదు. మధ్యలో 'తర్వాత ఏమైంది?' అని అడగొచ్చు, అంతే. ప్లేటు ఖాళీ అయ్యాక ఎవరైనా అతని గొప్పను అబద్ధమని తేల్చారా, మధ్యాహ్నందాకా కొట్టులో కప్పులన్నీ అతనే కడగాలి. కప్పులు కడిగే తొట్టి దగ్గర ఒయుగికి సొంత పీట ఉంది.

అయినా ఉండబట్టక అకెయో సంచి ఎక్కడని అడిగింది. అకోత్ వాళ్ళమ్మ ప్లేటు వైపు వేలు చూపించింది.

"అక్కడికే వస్తున్నానక్కా," అన్నాడు ఒయుగి, రోడ్డు వైపు ఒకసారి చూసి. "ముందు అందరూ తినండి. నిదానంగా తినండి, వేడిగా ఉన్నాయి. నాకు ఎక్కువ చేసి చెప్పడం చేతకాదు, ఉన్నదున్నట్టు చెప్తాను. నిన్న అక్క సంచి ఇచ్చింది. నేను వానలో కొండెలే వెళ్ళాను. మా దోస్తు గేటు దగ్గరే గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు, నాకోసమే. పేరు అడక్కండి, పెద్దవాళ్ళ పేర్లు టీ కొట్లో తీయకూడదు. 'ఇంట్లో పదహారు ప్లగ్గులున్నాయి ఒయుగీ, నీ ఇష్టం వచ్చిందాంట్లో పెట్టుకో' అన్నాడు. డాక్ తీసి బల్లమీద పెట్టాను. ప్యాడ్లు ఎనిమిదీ వరసగా కూర్చోబెట్టాను. వైరు గోడకు పెట్టాను."

అకెయో చెయ్యి హ్యాండ్‌బ్యాగు మీదికి పోయింది. వైరు అందులోనే ఉంది, వేళ్ళకు తగులుతోంది. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆకలి ఏ మాత్రం లేకపోయినా ఆమె ఒక మందాజీ తీసుకుని గబగబా తినడం మొదలుపెట్టింది.

"మామూలుగా మూడు గంటలు పడుతుంది కదక్కా? నిన్న పదకొండు నిమిషాలు. నా వాచీలో చూశాను. ఎనిమిది లైట్లూ పచ్చగా అయిపోయాయి."

వాచీ నీ చేతికి ఎప్పుడొచ్చిందిరా అని బరాసా అడిగాడు. షాపులో ఎవరూ లేనప్పుడు కత్తెర జేబులో వేసుకుని ఇక్కడికొచ్చి కూర్చోవడం అతని అలవాటు.

"దోస్తు వాచీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ప్యాడ్లు నిండాయి, మరి డాక్ ఊరుకోవాలి కదా? ఊరుకోలేదు. ఇంకా పెట్టనా, ఇంకా పెట్టనా అని గుర్రుమంటోంది. మూడు రకాల ప్యాడ్లకు అలవాటైపోయింది కదా, దానికి ఇది నావాడిది అది పరాయివాడిదన్న తేడా లేదు. నా ఫోను పెట్టాను, నిండింది. దోస్తు ఫోను పెట్టాను. వాళ్ళావిడది, వంటమనిషిది, పక్కింటివాళ్ళది. సంగతి తెలిసి వీధంతా వరస కట్టింది. రెండొందల ఫోన్లు! చివరికి పెట్టని ఫోన్లకు కూడా ఎక్కడం మొదలైంది. మాస్టారూ, రెండేళ్ళ కిందట పడవలోంచి మీ ఫోను నీళ్ళలో పడిపోలేదూ? నిన్న ఏడున్నరకు అది మోగింది."

ఒదెరో మాస్టారు బడి వదిలిపెట్టి పదేళ్ళయినా సందేహం వస్తే చెయ్యెత్తి అడుగుతారు. ఆయన చెయ్యెత్తి, ఎవరెత్తారని అడిగారు.

"చేప ఎత్తింది మాస్టారూ. రాంగ్ నంబరని పెట్టేసింది."

కొట్టంతా నవ్వింది. అకెయో నవ్వలేదు. రెండో మందాజీ మింగి టీతో కిందికి దింపుకుంది. ప్లేట్లో ఇంకా మూడున్నాయి. ఒయుగి కూడా ఆ మూడింటినే చూశాడు. మళ్ళీ రోడ్డు వైపు చూసి, గొంతు సవరించుకుని, పిన్నీ ఇంకో ప్లేటు అన్నాడు. ఒక గొప్పకు రెండు ప్లేట్లు పెట్టడం ఆ కొట్టులో అంతకుముందు జరగలేదు. ఇతనెందుకు ఇంత పొడిగిస్తున్నాడో అకెయోకు అర్థం కాలేదు. పోగొట్టాడు, అనుకుంది. ఎక్కడో వానలో పడేసి వచ్చాడు, ఆ మాట నోటికి రాక ఇదంతా కూస్తున్నాడు.

"నేను నడిచి వచ్చానని చూస్తున్నారు కదా," అన్నాడు ఒయుగి. "నా బండి ఏదని ఒక్కరూ అడగరేం? దానికి సెలవిచ్చాను. నిన్న అది చేసిన చాకిరీకి వారం రోజులు పడుకోనివ్వాలి. డాక్ వైరు కొస ఒకటి బండికి తగిలించాను, ఊరికే, చూద్దామని. పెట్రోలు చుక్క లేదు. బండి దానంతటదే లేచింది. రేవు దాకా నన్ను ఎత్తుకుపోయింది. అక్కడ చూద్దును కదా, పెద్ద లాంచీ నీళ్ళ మధ్య ఆగిపోయి ఉంది. గుర్రపుడెక్క చుట్టుకుపోయింది, బ్యాటరీ చచ్చింది, లోపల ఆరొందలమంది. తెల్ల బట్టల కెప్టెను మోకాళ్ళ మీద కూర్చుని, అయ్యా ఒయుగిగారూ, అంటున్నాడు."

"గారు అన్నాడా?" అంది అకోత్ వాళ్ళమ్మ.

"రెండుసార్లు అన్నాడు పిన్నీ. డాక్ తీసుకెళ్ళి లాంచీ ముక్కుకు తగిలించాను. ఒక ప్యాడు చేత్తో పట్టుకుని ఒడ్డునే నిలబడ్డాను. ఎడమ పుల్ల ఎడమకు తోశాను, లాంచీ ఎడమకు తిరిగింది. కుడికి తోశాను, కుడికి. గుండ్రటి బొత్తాం నొక్కితే హారను కొట్టింది. గోలు కొట్టే బొత్తాం నొక్కాను, ముందుకు దూకింది చూడండి, గుర్రపుడెక్క రెండుగా చీలి దారిచ్చింది. అంతలో అడ్డంగా నీటిగుర్రం. ఎంతుందంటారు? మన బరాసా అన్న షాపు, దాని పక్కన అక్క గది, రెండూ కలిపితే దాని తలకాయ. లాంచీ ఆగదు, నీటిగుర్రం కదలదు. ఆరొందలమంది ప్రాణాలు నా బొటనవేలి మీద ఉన్నాయి. ఏం చేశానో తెలుసా?"

ఏం చేశావురా అన్నాడు బరాసా, మందాజీ నోటి దగ్గరే ఆపి.

"ఎగిరే బొత్తాం నొక్కాను. లాంచీకి కాదు, నీటిగుర్రానికి. ఎగిరింది. లాంచీ దానికిందనుంచి వెళ్ళిపోయింది. దిగాక అది నావైపు తిరిగి ఇంకోసారి నొక్కమని చూసింది."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నవ్వీ నవ్వీ ఆయన కళ్ళు చెమర్చాయి. బరాసాకు పొలమారింది. అకెయో మాత్రం ప్లేటునే చూస్తూ నములుతోంది. అయిదో మందాజీయో ఆరోదో ఆమెకే తెలియదు. రోడ్డు మీద ఎవరో ఆడమనిషి గొడుగుతో పోతుంటే ఒయుగి సగం లేచి చూసి, కాదని మళ్ళీ కూర్చున్నాడు. అతని నుదుటి మీద చెమట పట్టింది. జాకెట్టు విప్పుకోరాదా అని అకోత్ వాళ్ళమ్మ అంటే విననట్టే ఊరుకున్నాడు.

"ఇంక అసలు సంగతి," అన్నాడు, ఇంకా వేగంగా. "లాంచీ నిండింది, కిసుము అంతా నిండింది. వీధి లైట్లు ఎంత వెలిగాయంటే పట్టపగలనుకుని కోళ్ళు కూశాయి, రెండోసారి గుడ్లు పెట్టాయి. డాకుకు ఇంకా చాల్లేదు. కరెంటు వైర్లలోంచి ఎదురెక్కి అవతలికి పోవడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు ఫోను. ఉగాండా ఆనకట్ట మీదనుంచి, పెద్ద ఇంజనీరు. 'బాబూ, నీ కరెంటు మా మీదికి వస్తోంది, మా చక్రాలు వెనక్కి తిరుగుతున్నాయి, నైలు నది వెనక్కి తిరిగి సరస్సులోకే వస్తోంది. ఈజిప్టు వాళ్ళు ఫోన్లు చేస్తున్నారు, మా నది ఏదని. కాస్త ఆ వైరు తీసెయ్యి బాబూ' అని ఏడ్చాడు. నాకు జాలేసింది. నాలుగు దేశాల ఏడుపు నాకెందుకని లేచి, గోడ దగ్గరికెళ్ళి, ఆ వైరును ఈ రెండు వేళ్ళతో..."

అకెయో ఆఖరి మందాజీ తీసి నోట్లో పెట్టుకుంది. అందరూ ఖాళీ ప్లేటు వైపు చూశారు. ఒయుగి ఇంకో ప్లేటన్నాడు. అయిపోయాయంది అకోత్ వాళ్ళమ్మ, నూనె కూడా దించేశానంది. అకెయో తీరిగ్గా నమిలి, మింగి, చేతులు తుడుచుకుని, హ్యాండ్‌బ్యాగు తెరిచి డాక్ వైరును ప్లేటు పక్కన పెట్టింది.

"ఒయుగీ, ఇది డాక్ వైరు. ఇలాంటిది ఇంకోటి లేదు. నిన్న సాయంత్రం నుంచీ నా గదిలో మేకుకు వేలాడుతోంది. నువ్వు గోడలోంచి తీసిన వైరేది?"

బరాసా వైరునూ ఒయుగినీ మార్చి మార్చి చూసి పగలబడి నవ్వాడు. అకోత్ వాళ్ళమ్మ కప్పుల తొట్టిని కాలితో ఒయుగి పీట వైపు జరిపింది. ఒయుగి నోరు తెరిచి, కొత్తరకం డాకులు గాల్లోంచే లాక్కుంటాయని ఏదో మొదలుపెట్టాడు గానీ సగంలోనే ఆపేశాడు.

"నాకు కథొద్దు," అంది అకెయో. "నా ప్యాడ్లు ఉన్నాయా, పోయాయా? అదొక్కటి చెప్పు."

ఒయుగి తల దించుకున్నాడు. "ఉన్నాయక్కా," అన్నాడు. మళ్ళీ తనే, "ఉండాలి," అన్నాడు.

ఆ రెండో మాట విని అకెయో బల్ల అంచు పట్టుకుంది. ఆరేళ్ళుగా ఒక్కొక్కటే కూడబెట్టుకున్నవి. ఇంకో గంటన్నరలో న్యాలెండా వాళ్ళు వస్తారు, పిల్లలందరి ముందూ ఖాళీ చేతులతో నిలబడాలి. వాన రోజున వీడి చేతికి ఎలా ఇచ్చానని మళ్ళీ అనుకుంది.

అంతలో కొట్టు ముందుకు ఒక ముసలావిడ వచ్చింది. చంకలో తువ్వాలు మూట. ఇక్కడ ఒయుగి అంటే ఎవరని అడిగింది. ఆవిడే కళ్ళు చిట్లించి చూసి, "వీడే. నిన్న వానలో మా గడప దగ్గర నిలబడి ఏడ్చింది వీడే. ఇదిగో నాయనా, నీ బొమ్మ. రాత్రంతా తాగింది, ఇంక తాగనంటోంది," అని తువ్వాలు విప్పింది.

లోపల అకెయో ప్యాడు. పాత ఫోను వైరు పట్టే రకం. అకెయో లాక్కున్నట్టే అందుకుని నడిమి బొత్తాం నొక్కింది. లైటు వెలిగింది.

"ఏడవలేదు," అన్నాడు ఒయుగి నేలచూపులు చూస్తూ. "వాన నీళ్ళు."

ముసలావిడ ఆ మాట ఒప్పుకోలేదు. ముక్కు చీదిన శబ్దం కూడా వాన చేస్తుందా అంది. పాత ఫోనుందా అమ్మమ్మా, సన్న వైరుందా అమ్మమ్మా, మా అక్క బతుకు దీంట్లో ఉందమ్మమ్మా అని బతిమాలాడట. ఈ కాలంలో ముసలమ్మల దగ్గర తప్ప అలాంటి ఫోన్లు ఎవరి దగ్గరున్నాయి. ఉన్న ఒక్క ప్లగ్గూ దీనికి ఇచ్చి తన ఫోను ఎండబెట్టుకుంది. కూతురు పొద్దుటినుంచీ ఫోను చేస్తూ ఉంటుంది, నేను పోయాననుకుంటుందేమో, వస్తానంటూ ఆవిడ టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

ఆవిడ వెనకే ఇంకో ఇద్దరు ముసలమ్మలు వచ్చారు. చర్చి పాస్టరుగారి భార్య వచ్చింది. దర్జీ వచ్చాడు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి వచ్చింది, ఆ పిల్ల ప్యాడును చేతిరుమాల్లో చుట్టి తెచ్చింది. చివరికి పిండిమరలో పనిచేసే ఆయన ఒళ్ళంతా పిండితో, భుజాన అకెయో సంచితో వచ్చాడు. సంచిలో డాకూ ఒక ప్యాడూ ఉన్నాయి. పదిన్నరకల్లా టీ కొట్టుకు తెమ్మన్నావు, కాస్త ఆలస్యమైంది, ఏమనుకోకు అన్నాడు. ఒక్కొక్క ప్యాడు బల్లమీదికి రావడం, అకెయో బొత్తాం నొక్కడం, లైటు వెలగడం. వెలిగిన ప్రతిసారీ ఆమె గుండెల మీదినుంచి ఎవరో ఒక్కో ఇటుక తీస్తున్నట్టుంది.

నిజం అప్పుడు బయటికొచ్చింది, ముక్కలు ముక్కలుగా. ఒయుగికి కొండెలేలో దోస్తూ లేడు, బంగళా లేదు. ఏదో ఒక షాపు వరండాలో పెట్టుకుందామని వెళ్ళి డాక్ తీస్తే వైరు లేదు. అకెయో ఫోను పలకలేదు, కాసేపటికి అతని ఫోనూ చచ్చింది. వెనక్కొచ్చి వైరు లేదని చెబితే అక్క ముఖం ఎలా అవుతుందో తలుచుకున్నాడట. అప్పుడు తలుపులు కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో ఇంట్లో ఒకటే ఛార్జరు, వాళ్ళ ఫోనుకే కావాలి. అందుకని ఇంటికొకటి. కుక్కలను వదిలినవాళ్ళున్నారు, దొంగనుకుని కర్ర తీసినవాళ్ళున్నారు. ఇవాళ వీళ్ళు వస్తారో రారోనని భయపడి, వచ్చేదాకా అకెయోను ఇక్కడే కూర్చోబెట్టాలని రెండు ప్లేట్లు పెట్టాడు.

"అడుక్కున్నానని చెప్పమంటావా అక్కా ఇంతమందిలో," అన్నాడు ఒయుగి మెల్లగా. "దానికంటే నైలు నదే నయం."

అకెయో బల్లమీద ప్యాడ్లు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఏడు. ఎర్ర చుక్క ప్యాడు లేదు.

ఆమె అడగకముందే ఒయుగి జాకెట్టు జిప్పు కిందికి లాగాడు. లోపల చొక్కాకూ జాకెట్టుకూ మధ్య ఆ మొదటి ప్యాడు ఉంది, నడుముకు దాని వైరు చుట్టుకునే ఉంది. తీసి రెండు చేతులతో ఇచ్చాడు. దీని వైరు దీనికే ఉంది కదా, కానీ దీన్ని ఎవరి గడపలోనూ వదలబుద్ధి కాలేదన్నాడు. బండికి ఫోను ఛార్జింగు పెట్టుకునే కన్నముంది, రాత్రంతా దానికి తగిలించి పక్కనే కూర్చున్నాడట. ప్యాడు నిండింది. బండి బ్యాటరీ చచ్చింది. పొద్దున ఎన్ని కిక్కులు కొట్టినా లేవలేదు, పిండిమర గోడకు ఆనించి నడిచి వచ్చాడు.

అకెయో బొత్తాం నొక్కింది. లైటు వెలిగింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు, అరచేత్తో ముఖం తుడుచుకుంది. ఇంకా గంట టైముంది. బరాసా లేచి, బండి తోయడానికి నలుగురు కావాలి, ముందు ఆట కానివ్వండి, తర్వాత అందరం వెళ్దామన్నాడు. మాస్టారు తనను కూడా లెక్కలో వేసుకోమన్నారు.

అయినా పద్ధతి పద్ధతే. గొప్ప అబద్ధమని తేలింది కాబట్టి ఒయుగి జాకెట్టు విప్పి తొట్టి దగ్గర పీట మీద కూర్చుని కప్పులు తోమడం మొదలుపెట్టాడు. విప్పాక వీపంతా తడిసిపోయి ఉంది. ఎవరి ముఖమూ చూడటం లేదు.

అకెయో లేచి, అకోత్ వాళ్ళమ్మను మళ్ళీ నూనె పెట్టమంది. ఈ ప్లేటు నాదంది. అకోత్ వాళ్ళమ్మ పిండి ముద్దలు నూనెలో వేసి, అవి పొంగి, ప్లేట్లోకి వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. పిండిమర ఆయన కూడా ఆగిపోయాడు. ప్లేటు బల్లమీద పడగానే అకెయో నడుమున చెయ్యి పెట్టుకుని, పద్ధతి ప్రకారం గొంతెత్తింది.

"నేను అకెయోని. నాలుగు టీవీల యజమానురాలిని. నా ప్యాడ్లు నా గదిలో నిద్రపోవు, ఊరంతటి ఇళ్ళలో నిద్రపోయి కడుపునిండా లేచి వస్తాయి. వాటిని నిద్రపుచ్చినవాడు నా తమ్ముడు ఒయుగి. నేను వైరు మరిచిపోతే నా మాట పోకుండా కాచినవాడు. వానలో ఎనిమిది గడపలు తొక్కి, ఎనిమిది ఇళ్ళవాళ్ళను ఒప్పించినవాడు. ఎవరైనా కాదంటారా?"

అందరూ బల్ల చరిచారు. చరిచి, ఒయుగి వైపు తిరిగారు. ఇలాంటి చోట అతనేం చేస్తాడో అందరికీ తెలుసు. ఎనిమిది ఎనభై అవుతుంది, ఎనభై ఎనిమిదొందలవుతుంది. బరాసా అప్పుడే వేళ్ళ మీద భాగించడానికి సిద్ధమయ్యాడు.

ఒయుగి సబ్బు చేతుల్లో కప్పును అటూ ఇటూ తిప్పాడు. తల ఎత్తలేదు.

"ఎనిమిది కాదక్కా," అన్నాడు. "ఏడే. ఎనిమిదోది మన బండి."